ఒకే పేరు – పెక్కు పనులు

మన భాషలో 'వేయు' అను క్రియ యొకటి కలదు. తలుపు వేయుదుము, ముగ్గు వేయుదుము, నాటకము వేయుదుము, ఓటు వేయుదుము, పొలములో విత్తనములు వేయుదుము. క్రియ ఒక్కటియే, పనులు మాత్రము వేఱు. తలుపు వేయునపుడు చేతితో త్రోయుదుము. ముగ్గు వేయునపుడు వ్రేళ్ళ సందునుండి పిండిని జార్చుదుము. అయినను "ముగ్గు వేయుము" అని తల్లి చెప్పినపుడు ఏ బాలికయు ముగ్గును మూయుటకు ప్రయత్నింపదు. క్రియతో చేరిన కర్మను బట్టి ఏ పని చేయవలెనో వినువారు తమంత తామే గ్రహింతురు. ప్రతి పనికిని ఒక్కొక్క క్రొత్త క్రియను కల్పించినచో భాషను నేర్చుకొనుటకే జీవితము చాలదు.

కంప్యూటరునకు ఆదేశములు వ్రాయు భాషలలోను ఇట్టి సౌకర్యము కలదు. దానికే 'మెథడ్ ఓవర్‌లోడింగు' అని పేరు. మెథడ్ అనగా ఒక పనిని నెరవేర్చు ఆదేశముల సముదాయము. దానికొక పేరు పెట్టుదురు. ఆ పేరుతో పిలిచి, పనికి కావలసిన విలువలను అందింతురు. ఆ విలువలకై మెథడ్ సిద్ధపఱచి యుంచుకొన్న గడులను పారామీటర్లు అందురు. ఒకే పేరు గల మెథడ్లు రెండు మూడు ఉండి, వాని పారామీటర్ల సంఖ్య గాని రకము గాని భేదించినచో, ఆ పేరు ఓవర్‌లోడు అయినదని చెప్పుదురు. ఓవర్‌లోడు అనగా అధికభారము. ఇచట భారము మోయునది పేరు.

పాఠ్యపుస్తకములు ఈ విషయమును రెండు వాక్యములలో నిర్వచించి వదలుచున్నవి. కాని ఆ రెండు వాక్యముల వెనుక పెద్ద చరిత్ర కలదు. 1957 మొదలుకొని నేటివరకు నడచిన ఆ చరిత్ర అంతయు ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది. పేర్ల మధ్య తేడాలను గుర్తుంచుకొను భారమును ఎవరు మోయవలెను – మనుష్యుడా, యంత్రమా?

ఫోర్ట్రాన్ నాటి పేర్లు

1957 ఏప్రిలులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ తన 704 అను కంప్యూటరు కొఱకు ఫోర్ట్రాన్ అను భాషను వెలువరించెను. జాన్ బ్యాకస్ నాయకత్వమున ఒక చిన్న బృందము కొన్ని సంవత్సరములు శ్రమించి దీనిని రూపొందించెను. బీజగణిత సమీకరణము వలె కనబడు వాక్యములను శాస్త్రజ్ఞుడు వ్రాసినచో, వానిని యంత్రమునకు తెలియు ఆదేశములుగా మార్చు ప్రోగ్రాము ఒకటి ఈ భాషతో వచ్చెను. అట్టి అనువాదక ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. ఈ వ్యాసములో అసలు కథానాయకుడు కంపైలరే.

704 యంత్రము పూర్ణాంకములను ఒక విధముగను, దశాంశ బిందువు గల సంఖ్యలను మఱియొక విధముగను తన స్మృతిలో దాచెడిది. కనుక రెండు పూర్ణాంకములను కూడుటకు ఒక ఆదేశము, రెండు దశాంశ సంఖ్యలను కూడుటకు వేఱొక ఆదేశము ఉండెను. కాని ఫోర్ట్రాన్ వ్రాయువానికి కూడిక గుర్తు ఒక్కటియే. సంఖ్యల రకమును చూచి తగిన ఆదేశమును ఎన్నుకొనుట కంపైలరు పని. రకమును అది ఎట్లు తెలిసికొనెడిది? చలరాశి పేరులోని మొదటి అక్షరమును బట్టి. ఐ, జె, కె, ఎల్, ఎం, ఎన్ అను ఆంగ్లాక్షరములతో మొదలగు పేర్లు పూర్ణాంకములకు, తక్కినవి దశాంశ సంఖ్యలకు అని నియమము. ఈ విధముగా ఆ తొలినాళ్ళలోనే కూడిక గుర్తుపై రెండు పనుల భారము పడినది.

గుర్తుల విషయమున చూపిన ఈ ఔదార్యము పేర్ల విషయమున కొఱవడినది. ఒక సంఖ్య యొక్క పరమ మూల్యమును కనుగొను సాధనము ఫోర్ట్రాన్‌లో మొదటినుండియు ఉన్నది. 1957 నాటి భాషలో దశాంశ సంఖ్యకైనచో దాని పేరు ఎ.బి.ఎస్.ఎఫ్.; పూర్ణాంకమునకైనచో ముందు ఎక్స్ చేర్చి ఎక్స్.ఎ.బి.ఎస్.ఎఫ్. అని వ్రాయవలెను. 1966లో ఏర్పడిన ప్రమాణములో పేర్లు మాఱినవి గాని చిక్కు తొలగలేదు. దశాంశ సంఖ్యకు ఎ.బి.ఎస్., పూర్ణాంకమునకు ఐ.ఎ.బి.ఎస్., రెట్టింపు సూక్ష్మత గల సంఖ్యకు డి.ఎ.బి.ఎస్., సంకీర్ణ సంఖ్యకు సి.ఎ.బి.ఎస్. – ఒక భావనకు నాలుగు పేర్లు. కొన్ని సంఖ్యలలో గరిష్ఠమును కనుగొనుటకు ఏకముగా 5 పేర్లు ఉండెను. ఇచ్చిన సంఖ్యల రకమేది, రావలసిన జవాబు రకమేది అని చూచుకొని వానిలో ఒకదానిని ఎన్నుకొనవలెను.

గణిత ఉపాధ్యాయుడు నల్లబల్లపై పరమ మూల్యమునకు రెండు నిలువు గీతలు గీయును. లోపల ఉన్నది పూర్ణాంకమా, భిన్నమా, సంకీర్ణ సంఖ్యయా అని గీతలను మార్చడు. ఫోర్ట్రాన్ వ్రాయువాడు మాత్రము మార్చవలసి వచ్చెను. అంతతో పోలేదు. లెక్కలో సూక్ష్మత చాలక ఒక చలరాశిని రెట్టింపు సూక్ష్మతకు మార్చినచో, అది కనబడు ప్రతి చోటను సాధనముల పేర్లనుగూడ మార్చవలెను. ఒక్కచోట మఱచినను లెక్క చెడు ప్రమాదముండెను. యంత్రమునకు రకము తెలిసియే యున్నది. అయినను దానిని మనుష్యుడు మరల పేరులో చెప్పుచుండవలెను. ఇదియే ఆనాటి ఇబ్బంది.

1978లో ఆమోదము పొందిన ఫోర్ట్రాన్ 77 ప్రమాణము ఈ ఇబ్బందిని కొంత తొలగించెను. ఎ.బి.ఎస్. అను ఒక్క పేరు వ్రాసినచో చాలును. కంపైలరే తగినదానిని ఎన్నుకొనును. కాని ఈ వరము భాషతో వచ్చిన సాధనములకే పరిమితము. ప్రోగ్రాము వ్రాయువాడు తాను స్వయముగా సృష్టించిన సాధనములకు ఇట్లు ఒకే పేరు పెట్టుటకు ఫోర్ట్రాన్ 90 వచ్చువఱకు వేచియుండవలసి వచ్చెను.

స్ట్రేచీ చేసిన విభాగము

ఈ విషయమునకు శాస్త్రీయమైన రూపము నిచ్చినవాడు ఇంగ్లాండు దేశస్థుడైన క్రిస్టఫర్ స్ట్రేచీ. ఆయన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ప్రోగ్రామింగు పరిశోధన బృందమునకు స్థాపకుడు. 1967 ఆగస్టులో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో జరిగిన ఒక వేసవి పాఠశాలలో ఆయన కొన్ని ఉపన్యాసము లిచ్చెను. ఆ ఉపన్యాసముల పాఠము పెక్కు సంవత్సరములు చేతి ప్రతులుగనే పండితుల మధ్య తిరిగి, 2000లో గాని ఒక పత్రికలో అచ్చు కాలేదు. అయినను వానిలోని భావనలు అంతకు ముందే లోకమున స్థిరపడినవి.

ఒకే పేరు పెక్కు రకముల విలువలపై పనిచేయుటకు బహురూపత అని పేరు. ఈ బహురూపతలో రెండు తెగలు కలవని స్ట్రేచీ చూపెను. వరుసగా పేర్చిన వస్తువులు ఎన్ని యున్నవో లెక్కించు పనిని తీసికొందము. ఆ వస్తువులు సంఖ్యలైనను, అక్షరములైనను, లెక్కించు విధానము ఒక్కటియే. ఇది మొదటి తెగ. కూడిక సంగతి అట్లు కాదు. పూర్ణాంకముల కూడికకు ఒక విధానము, దశాంశ సంఖ్యల కూడికకు మఱియొక విధానము. పేరు మాత్రమే ఉమ్మడి; లోపలి పని వేఱు. ఎప్పటి అవసరమునకు అప్పుడు చేసికొన్న ఏర్పాటు వంటిది ఈ రెండవ తెగ. నేటి మెథడ్ ఓవర్‌లోడింగు ఈ తెగలోనిది.

ఆ మఱుసటి సంవత్సరమే, అనగా 1968 డిసెంబరులో, ఆల్గాల్ 68 అను భాషా వివరణమునకు ఆమోదము లభించెను. హాలెండు దేశస్థుడగు అడ్రియన్ వాన్ వైన్‌గార్డెన్ దానికి ప్రధాన సంపాదకుడు. ఆ భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు కూడిక వంటి గుర్తులకు తానే క్రొత్త అర్థములను చేర్చవచ్చును. మాతృకలను ఉపయోగించువాడు మాతృకల కూడికను నిర్వచించి, దానికిని అదే కూడిక గుర్తును వాడుకొనవచ్చును. గుర్తునకు ఇరుప్రక్కల ఉన్న విలువల రకములను చూచి కంపైలరు తగిన అర్థమును గ్రహించును. అంతవఱకు భాషను సృష్టించినవారికి మాత్రమే ఉన్న హక్కు సామాన్యుని చేతికి వచ్చినది. కాని ఆల్గాల్ 68 విస్తారముగా వ్యాప్తి చెందలేదు. ఆ భావన మాత్రము నిలిచినది.

అడా: ఎఱుపు ఏ ఎఱుపు?

1970 తరువాతి దశాబ్దములో అమెరికా రక్షణ శాఖ తన యంత్రములలో వందల కొలది భాషలు వాడుకలో నుండుట గమనించి, వాని స్థానమున ఒక ఉమ్మడి భాషను నిర్మింప సంకల్పించెను. పోటీలో నిలిచిన నాలుగు ప్రతిపాదనలకు రంగుల పేర్లు పెట్టిరి. 1979లో 'ఆకుపచ్చ' భాష నెగ్గెను. ఫ్రాన్సు దేశస్థుడు జాఁ ఇష్‌బియా దానిని రూపొందించిన బృందమునకు నాయకుడు. 19వ శతాబ్దమున చార్లెస్ బాబేజి యంత్రమును గూర్చి వ్రాసిన అడా లవ్‌లేస్ పేరు దానికి పెట్టబడెను. 1983లో అది ప్రమాణముగా స్థిరపడెను.

అడాలో ఓవర్‌లోడింగు గుర్తులకేగాక పేర్లకును వ్యాపించినది. ఒక చిన్న ఉదాహరణము చూడుడు. రంగులు అను రకములో ఎఱుపు, పసుపు, నీలము ఉన్నవనుకొనుడు. రోడ్డు దీపములు అను మఱియొక రకములో ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ ఉన్నవి. రెండింటను ఎఱుపు కలదు. అడా దీనికి అభ్యంతరము చెప్పదు. 'దీపము' అను చలరాశికి ఎఱుపు అను విలువ నిచ్చినచో అది రోడ్డు దీపపు ఎఱుపని సందర్భమును బట్టి గ్రహించును. అనగా రావలసిన ఫలితము యొక్క రకమునుగూడ ఆధారముగా తీసికొనును. ఇది కంపైలరుపై మోపిన పెద్ద బరువు. వాక్యమును ఒకమారు లోపలినుండి వెలుపలికి, మఱియొకమారు వెలుపలినుండి లోపలికి పరిశీలించినగాని అర్థము తేలదు. తరువాత వచ్చిన భాషలు పెక్కు ఇంత బరువును మోయుటకు సిద్ధపడలేదు.

సి++: ఇంటిపేరు చేర్చిన విధము

డెన్మార్కులో జన్మించిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేరెను. అచట పుట్టిన సి అను భాష వేగమునకు ప్రసిద్ధి చెందినది. కాని సి భాషలో ఒక పేరునకు ఒకే సాధనము. పరమ మూల్యమునకు ఆ భాషలోను రకమునకు ఒక్కొక్క పేరు ఉండెను. ఫోర్ట్రాన్ నాటి చిక్కే మరల తల ఎత్తినది. స్ట్రౌస్ట్రప్ సి భాషకు వస్తువుల భావనను జోడించి క్రొత్త భాషను నిర్మించెను. 1983లో దానికి సి++ అను పేరు వచ్చెను. 1985లో అది విక్రయమునకు వెలువడెను. గుర్తులకును పేర్లకును ఓవర్‌లోడింగు అందు చేర్చబడినది.

ఇచట ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఎదురయ్యెను. పెద్ద ప్రోగ్రామును పలు భాగములుగా వ్రాసి, వేర్వేరుగా అనువదించి, పిమ్మట ఒకటిగా కలుపుదురు. కలుపు పనిని లింకరు అను మఱియొక ప్రోగ్రాము చేయును. లింకరునకు పేర్లు తప్ప రకములు తెలియవు. 'ప్రింట్' అను పేరుతో రెండు సాధనములున్నచో ఏది ఏదియో దానికి బోధపడదు. లింకరు సి++ కొఱకు నిర్మింపబడినది కాదు. దానిని మార్చుట సులభమును కాదు.

ఉపాధ్యాయులకు ఇట్టి చిక్కు క్రొత్త కాదు. ఒకే తరగతిలో ఇద్దరు వెంకటేశ్వరరావులు ఉన్నచో హాజరుపట్టీలో ఇంటిపేరు చేర్చి వ్రాయుదురు. తరగతిలో బాలురు ఒకరినొకరు పొట్టి పేరుతోనే పిలుచుకొందురు. పట్టీలో మాత్రము పూర్తి పేరు ఉండును. సి++ కంపైలరును ఇదే పని చేసినది. ప్రోగ్రాములో మనము వ్రాయునది 'ప్రింట్' అనియే. కంపైలరు లింకరునకు అందించు పేరులో పారామీటర్ల రకమునుగూడ పొదిగి పంపును. నేడు విస్తారముగా వాడుకలో నున్న ఒక పద్ధతి ప్రకారము, పూర్ణాంకమును తీసికొను 'ప్రింట్' పేరు ఇట్లు మాఱును: మొదట అడుగు గీత, పిదప జెడ్ అను అక్షరము, పిదప పేరులోని ఆంగ్లాక్షరముల సంఖ్య యగు 5, పిదప ప్రింట్ అను పేరు, చివర పూర్ణాంకమునకు గుర్తుగా ఐ. రెట్టింపు సూక్ష్మత గల సంఖ్యను తీసికొనుదానికి తక్కినదంతయు అదియే, చివర మాత్రము డి. ఇట్లు పైకి ఒక్కటిగా కనబడు పేర్లు లోపల వేర్వేఱు. ఓవర్‌లోడింగు రహస్యమంతయు ఇదియే. యంత్రమునకు ఒక పేరునకు రెండు అర్థములు ఎన్నడును లేవు. కంపైలరు ముందుగనే వానిని రెండు పేర్లుగా చేసియుంచును.

సి++ తొలి రూపములో మఱియొక విశేషము కలదు. ఒక పేరును పలుమార్లు వాడదలచినవాడు 'ఓవర్‌లోడు' అను మాటను ముందుగా వ్రాసి తన ఉద్దేశమును ప్రకటింపవలెను. పొరపాటున ఒకే పేరు రెండు పనులకు పడునేమో అను భయముతో పెట్టిన కట్టుబాటు ఇది. కాని అనుభవమున ఇదియే చిక్కులు తెచ్చినది. వర్గమూలమును కనుగొను సాధనము సామాన్య గణిత గ్రంథాలయములో ఆ ప్రకటన లేకయే ఉన్నది. సంకీర్ణ సంఖ్యల గ్రంథాలయములో ఆ ప్రకటనతో ఉన్నది. రెండింటిని చేర్చుకొనునపుడు ఏది ముందు, ఏది వెనుక అనుదానిని బట్టి ఇబ్బందులు కలిగెడివి. మఱియు, పిలుపునకు సరిపోవు సాధనములు ఒకటి కంటె ఎక్కువ ఉన్నచో ముందు వ్రాసినదే నెగ్గు పద్ధతి యుండెను. వ్రాసిన వరుస మాఱినచో అర్థము మాఱును! 1989లో వెలువడిన రెండవ విడుదలలో ఈ రెంటిని తొలగించిరి. 'ఓవర్‌లోడు' అను మాట అవసరము లేదు. వరుసతో పని లేదు. అన్నిటి కంటె బాగుగా సరిపోవునది నెగ్గును. రెండు సమానముగా సరిపోయినచో అది దోషము.

ఈ చివరి నియమము గమనింపదగినది. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథగను భారతకథగను అన్వయించును. కావ్యమున శ్లేష అలంకారము. ప్రోగ్రామున అది దోషము. రెండు అర్థములు సమానముగా తోచినపుడు కంపైలరు ఒకదానిని ఊహించి ముందునకు సాగదు. ఆగి, వ్రాసినవానినే ప్రశ్నించును.

జావా: పట్టుకొన్నది, వదలినది

1991లో సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థలో జేమ్స్ గాస్లింగ్ మొదలిడిన భాష 1995 మే 23న జావా అను పేరుతో లోకమునకు ప్రకటింపబడెను. సి++ లోని పెక్కు అంశములను జావా గ్రహించినది, కొన్నిటిని వదలినది. గుర్తులకు క్రొత్త అర్థములు చేర్చు హక్కును వదలినది. ఆ హక్కును కొందరు దుర్వినియోగము చేసి, చదువువానికి అంతుపట్టని ప్రోగ్రాములు వ్రాయుట గాస్లింగ్ చూచియుండెను. మెథడ్ పేర్ల ఓవర్‌లోడింగును మాత్రము నిలుపుకొన్నది. జావా నేర్చువాడు మొదటి దినముననే దానిని తెలియకయే వాడును. తెరపై ఒక పంక్తిని ముద్రించు 'ప్రింట్‌లైన్' అను మెథడ్ నిజమునకు ఒకటి కాదు. ఆ పేరుతో 10 మెథడ్లు కలవు. పూర్ణాంకమునకు ఒకటి, అక్షరమునకు ఒకటి, పదమునకు ఒకటి, ఏమియు ఇయ్యనపుడు ఖాళీ పంక్తికై ఒకటి – ఈ విధముగా.

విద్యార్థులకు నియమములు బోధపడుటకు వైశాల్యము చక్కని ఉదాహరణము. 'వైశాల్యము' అను మెథడ్‌ను రెండు దశాంశ సంఖ్యలు తీసికొనునట్లు వ్రాసినచో దీర్ఘచతురస్రమునకు పనికివచ్చును. అదే పేరుతో మూడు సంఖ్యలు తీసికొనునట్లు వ్రాసినచో మూడు భుజముల కొలతలనుండి త్రిభుజ వైశాల్యము కనుగొనవచ్చును. ఒక సంఖ్య తీసికొనునట్లు వ్రాసి చతురస్రమునకు వాడవచ్చును. ఇంతవఱకు చిక్కు లేదు. ఇపుడు వృత్తమునకు వ్రాయుదము. వ్యాసార్ధమును ఒక దశాంశ సంఖ్యయే. చతురస్రపు భుజమును ఒక దశాంశ సంఖ్యయే. కంపైలరు ఒప్పుకొనదు! 'భుజము', 'వ్యాసార్ధము' అను పేర్లు మనుష్యులకు. కంపైలరు చూచునది పారామీటర్ల సంఖ్య, రకము, వరుస – ఈ మూడే. మన మనస్సులోని భేదము రకములో కనబడకున్నచో యంత్రమునకు ఆ భేదము లేనట్లే.

ఫలితము యొక్క రకము మాత్రమే వేఱైనచో జావాలో చాలదు. ఒక మెథడ్‌ను పిలిచి దాని ఫలితమును ఉపయోగింపకయే వదలవచ్చును. అట్టి పిలుపులో ఏ ఫలితము కావలెనో ఊహించుటకు ఆధారము ఉండదు. అడా మోసిన బరువును జావా దింపివేసినది ఇచటనే.

సరిగా సరిపోవు మెథడ్ లేనిచో కంపైలరు సమీపమున ఉన్నదానిని వెదకును. పూర్ణాంకము నిచ్చినపుడు దీర్ఘ పూర్ణాంకమునకు ఒక మెథడ్, దశాంశ సంఖ్యకు ఒక మెథడ్ మాత్రమే యున్నచో, దీర్ఘ పూర్ణాంకముదే నెగ్గును. కాని పూర్ణాంకము–దశాంశము అను వరుసలో ఒక మెథడ్, దశాంశము–పూర్ణాంకము అను వరుసలో మఱియొక మెథడ్ ఉండి, మనము 2, 3 అను రెండు పూర్ణాంకములు ఇచ్చినచో రెండును సమానమే. ఇదియే పైన చెప్పిన శ్లేషదోషము.

రెండు పదముల గందరగోళము

ఓవర్‌లోడింగు, ఓవర్‌రైడింగు అను రెండు పదములు విద్యార్థులను తఱచుగా తికమక పెట్టును. రెండవదాని చరిత్ర వేఱు. నార్వే రాజధాని ఓస్లోలో ఓలె–యోహాన్ డాల్, క్రిస్టెన్ నుగోర్ రూపొందించిన సిమ్యులా 67 అను భాషలో అది పుట్టినది. తల్లి తరగతిలోని మెథడ్‌ను పిల్ల తరగతి అదే పేరుతో, అవే పారామీటర్లతో తిరిగి వ్రాసికొనుట ఓవర్‌రైడింగు. ఇందు ఏ మెథడ్ నడువవలెనో ప్రోగ్రాము నడచునపుడు, ఎదుట ఉన్న వస్తువును చూచి నిర్ణయమగును. ఓవర్‌లోడింగులో నిర్ణయము ముందుగనే, అనువాద సమయముననే జరుగును. కంపైలరు చూచునది చలరాశికి ప్రకటించిన రకమును మాత్రమే.

'జంతువు' అని ప్రకటించిన చలరాశిలో ఏనుగును ఉంచితిమనుకొనుడు. 'వర్ణించు' అను మెథడ్ జంతువునకు ఒకటి, ఏనుగునకు ఒకటి కలదు. ఆ చలరాశిని అందించి పిలిచినచో జావాలో నడచునది జంతువు మెథడే. తపాలా ఉద్యోగి కవరుపై చిరునామాను చూచి ఉత్తరమును వేర్పఱచును. లోపల ఏమి వ్రాసియున్నదో చూడడు. ఓవర్‌లోడింగులో కంపైలరు ఆ ఉద్యోగి వంటిది. అన్ని భాషలును ఇట్లే యుండవలెనని నియమము లేదు. 2012లో వెలువడిన జూలియా భాష కవరు విప్పి చూచి, అందించిన విలువలన్నిటి అసలు రకములను బట్టి, నడచునపుడే నిర్ణయించును.

1ని తీయుమన్నచో 2 పోయినది

యంత్రమునకు ఎక్కువ అధికార మిచ్చినపుడు జరుగు ప్రమాదమునకు జావాలోనే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 1998లో జావాకు జాబితా అను సౌకర్యము చేరినది. జాబితానుండి తీసివేయుటకు 'రిమూవ్' అను పేరుతో రెండు మెథడ్లు ఉన్నవి. ఒకటి పూర్ణాంకమును తీసికొని ఆ స్థానమున ఉన్నదానిని తీసివేయును. రెండవది ఒక వస్తువును తీసికొని, ఆ వస్తువు ఎచట ఉన్నను వెదకి తీసివేయును. నాడు జాబితాలో వట్టి సంఖ్యలను ఉంచుటకు వీలు లేదు. సంఖ్యను ఒక వస్తువుగా పొట్లము కట్టి ఉంచవలెను. కనుక రెండు మెథడ్లకు పొరపాటు పడు అవకాశము అరుదు.

2004లో వచ్చిన జావా 5 ఆ పొట్లము కట్టు పనిని కంపైలరునకే అప్పగించినది. ఇది గొప్ప సౌకర్యమే. కాని దాని పర్యవసానము చూడుడు. తరగతికి రాని విద్యార్థుల సంఖ్యలు 3, 2, 1 అను వరుసలో జాబితాలో ఉన్నవి. 1వ సంఖ్య బాలుడు ఆలస్యముగా వచ్చెను; అతనిని జాబితానుండి తొలగింపవలెను. 'రిమూవ్' అని పిలిచి 1 ఇచ్చితిమి. కంపైలరు మొదట పొట్లము కట్టకయే సరిపోవు మెథడ్ కలదా అని చూచును. స్థానమును తీసికొను మెథడ్ అచ్చముగా సరిపోయినది. స్థానములను జావా 0 నుండి లెక్కించును. 1వ స్థానమున ఉన్నది 2. అతడు పోయెను, వచ్చిన బాలుడు రానివారిలోనే మిగిలెను! కంపైలరు దోషము చూపలేదు, యంత్రము ఆగలేదు, నియమములన్నియు అక్షరాల పాటింపబడినవి. తప్పు మాత్రము జరిగినది.

జావా జాబితాలను ప్రధానముగా రూపొందించిన జాషువా బ్లాక్ తన 'ఎఫెక్టివ్ జావా' అను గ్రంథము రెండవ కూర్పున, 2008లో, ఈ సంగతినే ఎత్తిచూపి, ఓవర్‌లోడింగును విచక్షణతో వాడుడని హెచ్చరించెను. 2016లో తొలి స్థిరరూపము పొందిన కోట్లిన్ అను భాష ఈ పాఠమును గ్రహించి, స్థానమునుబట్టి తీసివేయు మెథడ్‌నకు 'రిమూవ్ ఎట్' అని వేఱు పేరు పెట్టినది. రెండు పనులు వేఱు. కావున పేర్లును వేఱు.

కాదన్నవారు, కట్టుబాటు చేసినవారు

కొన్ని భాషలు ఈ సౌకర్యమునే వలదన్నవి. 2009లో గూగుల్ సంస్థ ప్రకటించిన గో భాషలో మెథడ్ ఓవర్‌లోడింగు లేదు. అప్పుడప్పుడు ఉపయోగపడినను ఆచరణలో గందరగోళమునకు దారితీయునని దానిని రూపొందించినవారి అభిప్రాయము. పైథాన్‌లో ఒకే పేరుతో రెండు మెథడ్లు వ్రాసినచో రెండవది మొదటిదానిని చెఱిపివేయును. జావా నేర్చి పైథానునకు వచ్చు విద్యార్థి దీనిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

మఱికొందరు మధ్యేమార్గము త్రొక్కిరి. 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ అనువారు స్ట్రేచీ చెప్పిన రెండవ తెగకు ఒక క్రమమును ప్రతిపాదించిరి. ఒక పేరును పలు రకములు పంచుకొనవలెనన్నచో, ముందుగా ఆ పేరు ఎట్టి పని చేయునో ప్రకటింపవలెను. ఆ ప్రకటనకు లోబడినవే దానిని పంచుకొనవలెను. హాస్కెల్ అను భాష ఈ పద్ధతిని స్వీకరించినది. పేరును పంచుకొను హక్కు కలదు. దానితోపాటు ఒక ఒడంబడికయు కలదు.

ఈ చరిత్రను వరుసగా చూచినచో బరువు చేతులు మాఱిన క్రమము తెలియును. 1957లో తేడాలన్నిటిని మనుష్యుడే గుర్తుంచుకొనెను. అటుపిమ్మట కంపైలరు ఆ బరువును తన తలపైకి తీసికొన్నది. కాని కంపైలరునకు రకములు తెలియునే గాని ఉద్దేశములు తెలియవు. ఎఱుపు ఏ ఎఱుపో అది చెప్పగలదు. 1 అనునది స్థానమా, బాలుని సంఖ్యయా అనుదానిని మన మనస్సులో చూడజాలదు. ఆ బాధ్యత ఎప్పటికిని పేరు పెట్టువానిదే.

ఓవర్‌లోడింగును బోధించునపుడు ఉపాధ్యాయులు నియమములతోపాటు ఒక చిన్న పరీక్షనుగూడ విద్యార్థులకు నేర్పవచ్చును. ఒకే పేరు పెట్టదలచిన మెథడ్లు చేయు పనిని ఒక్క వాక్యములో చెప్పగలమా? 'ఇచ్చినదానిని తెరపై ముద్రించును' అను ఒక్క వాక్యము 10 ప్రింట్‌లైన్ మెథడ్లకును చెల్లును. 'ఇచ్చిన స్థానమున ఉన్నదానిని తీయును', 'ఇచ్చినదానినే వెదకి తీయును' అను రెండు వాక్యములు ఒకటిగా కలియవు. ఒక వాక్యము చాలినచో ఒక పేరు చాలును. రెండు వాక్యములు కావలసి వచ్చినచో, భాష అనుమతించినను, రెండు పేర్లు పెట్టుటయే క్షేమము.